36 కోతల సెంటర్: కేబుల్ పట్టాల మీదుగా కరెంటు ట్రాము (గ్యారేజీ డైరీ)

ఫిబ్రవరి 8

గ్యారేజీలోంచి కారు బయటికెళ్ళింది, దాని చోట్లో మూడడుగుల చదరపు ప్లైవుడ్ బల్ల చేరింది. "చలికాలం లోపు కారు లోపలికొస్తుందా?" అని మా ఆవిడ ఒక్కటే అడిగింది. వస్తుందన్నాను. ఏ చలికాలమో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

చెయ్యబోయేది ఇది. మెల్‌బోర్న్ నడిబొడ్డున స్వాన్‌స్టన్ స్ట్రీట్, బర్క్ స్ట్రీట్ కలిసే సెంటర్ నమూనా, 1:87 స్కేలులో, అంటే అసలు సైజులో 87వ వంతు. కాలం 1930 ప్రాంతం. ఆ కాలమే ఎందుకంటే, అప్పుడు ఆ సెంటర్‌లో రెండు యుగాలు అడ్డంగా ఒకదాన్నొకటి దాటేవి. స్వాన్‌స్టన్ మీద కరెంటు ట్రాములు, బర్క్ మీద ఇంకా కేబుల్ ట్రాములు. స్వాన్‌స్టన్ లైను 1925-26లో కరెంటుకి మారింది. బర్క్ స్ట్రీట్ మాత్రం 1940 అక్టోబరు 26 దాకా తాడునే పట్టుకుని వేళ్ళాడింది. ఈ ఊళ్ళో చివరి కేబుల్ ట్రాము నడిచింది ఆ వీధిలోనే.

కేబుల్ ట్రాము అంటే తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. రోడ్డు కింద సన్నటి సొరంగం, అందులో ఆగకుండా పరిగెత్తే ఉక్కు తాడు. ఎక్కడో ఒక ఇంజన్ హౌస్‌లో ఆవిరి యంత్రం ఆ తాడుని తిప్పుతూ ఉంటుంది. రెండు పట్టాల మధ్య రోడ్డులో అంగుళం కూడా లేని చీలిక ఉంటుంది, దాన్నే స్లాట్ అంటారు. బండిలోంచి ఒక ఉక్కు పలక ఆ స్లాట్‌లోంచి కిందికి దిగి, తాడుని పట్టకారులా పట్టుకుంటుంది. పట్టు బిగిస్తే బండి కదులుతుంది, వదిలి బ్రేకు వేస్తే ఆగుతుంది. బండిలో ఇంజనూ లేదు, మోటారూ లేదు. పట్టు ఉండే ముందు బండిని ఇక్కడ 'డమ్మీ' అనేవాళ్ళు, వెనక ట్రెయిలరు. మన ఎన్నికల్లో డమ్మీ అభ్యర్థి పేరుకే ఉంటాడు. ఇక్కడ లాగేదే డమ్మీ!

మొదటి లైను 1885 నవంబరు 11న రిచ్‌మండ్ వైపు తెరిచారు. 1891 నాటికి దాదాపు 75 కిలోమీటర్ల జంట లైను. దీని ఇంజనీరు జార్జ్ డంకన్, అంతకుముందు న్యూజిలాండ్‌లోని డునీడిన్‌లో కేబుల్ లైను వేసి వచ్చినవాడు.

ఈ సాయంత్రం బల్ల మీద పెన్సిల్‌తో గీతలు గీస్తుంటే ఒక లెక్క తేలింది. మొత్తం ప్రాజెక్టుకి వెన్నెముక అదే అనిపిస్తోంది. ఒక్కో కేబుల్ ట్రాకుకి మూడు గీతలు: రెండు పట్టాలు, మధ్యలో స్లాట్. జంట లైను కాబట్టి వీధికి ఆరు. రెండు వీధుల్లోనూ కేబుల్ ట్రాకులే ఉంటే ఆరు ఆర్లు ముప్పై ఆరు చోట్ల ఇనుము ఇనుముని కోస్తుంది. స్వాన్‌స్టన్‌ని కరెంటుకి మారిస్తే దాని స్లాట్లు రెండూ పోతాయి, ఆరు నాల్గులు 24. బర్క్ కూడా మారాక నాలుగు నాల్గులు 16. బర్క్ స్ట్రీట్‌కి కరెంటు ట్రాము వచ్చింది 1955లో. మధ్యలో ఆ పదిహేనేళ్ళూ బస్సులే, అందులో డబుల్ డెక్కర్లు కూడా.

36, 24, 16. నేను కట్టేది మధ్యలోది.

ఫిబ్రవరి 15

సిటీకి వెళ్ళి ఆ సెంటర్‌లో గంటసేపు నిలబడ్డాను. స్వాన్‌స్టన్ మీద ఒకదాని వెనక ఒకటి ట్రాములు, ప్రపంచంలోనే రద్దీ ఎక్కువగా ఉండే ట్రాము వీధుల్లో ఇదొకటి. బర్క్ మీద 86, 96 నంబరు ట్రాములు. సిగ్నల్ పడ్డప్పుడు ఫోన్ వంచి పట్టాల కోతల్ని ఫొటోలు తీస్తుంటే, ఒకాయన ఏదో పోగొట్టుకున్నాననుకుని తనూ వెతకడం మొదలుపెట్టాడు. పట్టాలు చూస్తున్నానని చెప్పాను. వెళ్ళిపోయాడు.

పాత స్లాట్ ఆనవాలు ఏమీ లేదు. ఉండదని తెలిసే వెళ్ళాను.

తిరుగు దారిలో 86 ఎక్కి నికల్సన్, గెర్ట్రూడ్ వీధుల మూల దగ్గర దిగాను. అక్కడ పాత ఇంజన్ హౌస్ భవనం ఇప్పటికీ నిలబడి ఉంది. బర్క్ స్ట్రీట్ తాడు ఇలాంటి చోటు నుంచి తిరిగేది. దాని ముందే 86 మలుపు తిరుగుతుంది, చక్రాలు కీచుమంటాయి. ఆ మూల మీద నిలబడితే నా బల్ల మీద మోటారు ఎక్కడ పెట్టాలో తేలిపోయింది: సెంటర్‌లో కాదు, బల్ల అంచున, భవనాల వెనక.

ఫిబ్రవరి 22

ఇవాళ పని తక్కువ, చదువు ఎక్కువ. నా తప్పొకటి బయటపడింది కాబట్టి రాసిపెట్టుకుంటున్నాను.

కేబుల్ లైనుని కరెంటుకి మార్చడమంటే పైన తీగ వేలాడదీసి, తాడు ఆపేసి, స్లాట్‌లో సిమెంటు పోయడమని అనుకున్నాను. గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, ఎలాగూ ఒకటే, 1435 మిల్లీమీటర్లు. పట్టాలు అక్కడే ఉన్నాయి. ఇంకేం కావాలి?

చాలానే కావాలి. మొదటిది బరువు. 1923 నుంచి వచ్చిన డబ్ల్యూ క్లాస్ అనే రకం కరెంటు ట్రాము ఖాళీగానే దాదాపు 17 టన్నులు, పైగా మోటార్లు చక్రాల దగ్గరే. డమ్మీ దాని ముందు పిల్ల. తేలిక బండ్ల కోసం వేసిన పట్టా ఈ బరువు మొయ్యాలంటే కింద పునాది మారాలి. రెండోది కరెంటు. పైతీగలోంచి 600 వోల్టుల కరెంటు వస్తుంది సరే, తిరిగి సబ్‌స్టేషన్‌కి ఎలా వెళ్తుంది? పట్టాల్లోంచే. కేబుల్ కాలపు పట్టాకి ఆ పనే లేదు. రెండు పట్టాల మధ్య అతుకు గట్టిగా ఉంటే చాలు, కరెంటు పారుతుందా లేదా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రతి అతుకు దగ్గరా రాగి తీగ కట్టాలి. లేకపోతే కరెంటు మట్టిలోంచి, పక్కనున్న నీటి పైపుల్లోంచి దారి వెతుక్కుంటుంది, పైపులు తినేస్తుంది.

అందుకే ఇక్కడి ట్రామ్‌వేస్ బోర్డు పాత ట్రాకు తీసేసి, కొత్త పట్టాలు కాంక్రీటులో వేసింది. పని జరిగినన్నాళ్ళూ జనాన్ని బస్సులెక్కించింది. బోర్డు పుట్టింది 1919లో, మార్పిడికి పెద్ద ప్లాను 1923లో. చివరి తాడు ఆగింది 1940లో. పదిహేడేళ్ళు!

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో కథ వేరు. అక్కడ కేబుల్ ఊరు ఎడిన్‌బరో, కరెంటు ఊరు పక్కనే ఉన్న లీత్. పిల్రిగ్ అనే చోట రెండూ ఎదురుబొదురుగా ఆగిపోయేవి, జనం వానలో దిగి ఇంకో బండి ఎక్కాల్సి వచ్చేది. 1920లో రెండు ఊళ్ళూ కలిశాయి, 1922 జూన్ 20న మొదటి కరెంటు ట్రాములు పిల్రిగ్ దాటాయి, 1923 జూన్ 23కి కేబుల్ మొత్తం మూత. ఏడాది. వాళ్ళ తొందర నాకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే మా కాలేజీ రోజుల్లో రాజమండ్రి నుంచి మా ఊరికి కూడా ఇలాగే సగం దారిలో దింపేసే బస్సే ఉండేది.

మార్చి 2

పని మొదలు. కొలతలు:

గేజ్ 1435ని 87తో భాగిస్తే 16.5 మిల్లీమీటర్లు. దుకాణంలో దొరికే చక్రాలకి సరిగ్గా సరిపోతుంది. మెల్‌బోర్న్ పెద్ద వీధుల వెడల్పు 99 అడుగులు, అంటే బల్ల మీద 347 మిల్లీమీటర్లు. జంట లైన్ల మధ్య దూరం 40 పెట్టుకున్నాను, కొంచెం ఎక్కువే అయినా నా వేళ్ళు దూరాలి.

అసలు బాధ స్లాట్. ముప్పావు అంగుళం అనుకుని లెక్కేస్తే 0.22 మిల్లీమీటరు. కాగితం రెండు మడతల మందం. దాని పక్కనే పట్టా గాడి, చక్రం అంచు దూరే చోటు, నమూనా చక్రాలకి 1.2 మిల్లీమీటర్లు కావాలి. అసలు రోడ్డు మీద స్లాటూ గాడీ చూడ్డానికి దాదాపు అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. నా బల్ల మీద ఒకటి కాలవ, ఒకటి వెంట్రుక. చేసేదేం లేదు. స్లాట్‌ని 0.3కి పెంచి ఊరుకున్నాను. కొలత కన్నా కంటికి నమ్మకం కలగడం ముఖ్యం.

పట్టాలు కోడ్ 100 రకం (ఎత్తు అంగుళంలో పదో వంతు), కింద రాగి పూత ఉన్న పీసీబీ (సర్క్యూట్ బోర్డు) ముక్కలు స్లీపర్లుగా, వాటి మీద టంకం. స్లాట్ అంచులకి ఇత్తడి పట్టీలు. స్వాన్‌స్టన్ పట్టాలు నాలుగు, బర్క్ పట్టాలు నాలుగు పరిచి, మొదటి పదహారు కోతలు ఆకురాయితో రాకాను. పదహారింటికి మూడు శని ఆదివారాలు పట్టేట్టుంది. బొటనవేలు గోరు ఒక పక్క అరిగిపోయింది.

మార్చి 10

లేబర్ డే సెలవు. పొద్దున్న కాఫీ తాగి స్విచ్చి వేశాను. కంట్రోలర్ 'టిక్' మని ఆగిపోయింది. షార్ట్.

వెతకడానికి రెండు గంటలు పట్టింది, కనపడ్డాక రెండు నిమిషాలు నవ్వుకున్నాను. నా బల్ల మీద కరెంటు పైతీగలోంచి రాదు, రెండు పట్టాల్లోంచే వస్తుంది, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. బర్క్ స్ట్రీట్ స్లాట్ ఇత్తడి పట్టీ నేరుగా వచ్చి స్వాన్‌స్టన్ పట్టాలు రెండింటినీ ముద్దు పెట్టుకుంటోంది. నేనే ఎంతో శ్రద్ధగా టంకం వేసి, రుద్ది, మెరుగు పెట్టిన ముద్దు.

ఇత్తడి పట్టీలన్నీ పీకేశాను. వాటి బదులు ప్లాస్టిక్ పట్టీలు, పైన నల్ల రంగు, దాని మీద పెన్సిల్ లెడ్ పొడి రుద్దితే అచ్చం అరిగిన ఉక్కులా ఉంది. ఇత్తడి కన్నా బాగుందని మా అమ్మాయి తీర్పు. బర్క్ పట్టాల్ని కూడా స్వాన్‌స్టన్ పట్టాలకి ఇటూ అటూ రంపంతో తెగ్గొట్టి, సందులో ప్లాస్టిక్ చుక్క పెట్టాను.

స్విచ్చి వేస్తే షార్ట్ లేదు. ట్రాము సెంటర్ దాకా హుందాగా వచ్చి, మధ్యలో చచ్చిపోయింది.

ఈసారి వెంటనే అర్థమైంది. స్లాట్ కోసం, గాడుల కోసం స్వాన్‌స్టన్ పట్టాని ఇన్నిచోట్ల కోశాక అది పట్టా కాదు, ముక్కల దండ. ముక్కకీ ముక్కకీ సంబంధం లేదు. ఫిబ్రవరి 22న పెద్ద పండితుడిలా రాసుకున్నాను, అతుకు దగ్గర రాగి తీగ కట్టాలని. రాసినవాడే మర్చిపోయాడు. బల్ల తిరగేసి, ఒక్కో ముక్కకీ కింద నుంచి సన్నటి తీగ టంకం వేసుకుంటూ పోయాను. బల్ల కింద ఇప్పుడు ఇడియాప్పం ఆరబోసినట్టుంది. పైన మాత్రం ట్రాము ఆగకుండా దాటింది.

దాటింది అంటే, దూకింది. ప్రతి కోత దగ్గరా ఒక గెంతు.

మార్చి 30

ఉగాది. పని లేదు. పచ్చడిలోకి వేపపూత ఎక్కడ దొరుకుతుందో ఇక్కడి తెలుగువాళ్ళ గ్రూపులో మూడు రోజులుగా అదే చర్చ, చివరికి ఎవరింటి దొడ్లోదో వచ్చింది.

రాజమండ్రిలో బాబాయికి ఫోన్ చేశాను. రైల్వేలో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా, రిటైరైన మనిషి. పట్టా మీద చెయ్యి వేసి బండి ఎంత దూరంలో ఉందో చెప్తాడని మా ఇంట్లో పేరు. వీడియోలో సెంటర్ చూపించాను.

"ఒరేయ్, అడ్డంగా తొంభై డిగ్రీల్లో కోశావేంట్రా? చక్రానికి ఆధారం ఏదీ?"

"అక్కడ అలాగే ఉంటుంది బాబాయ్, వీధులు నిటారుగా కోసుకుంటాయి."

"నాగపూర్‌లో డైమండ్ క్రాసింగ్ ఉందిలే. అక్కడ కూడా బండి దడదడలాడుతుంది. నూలు తేడా వచ్చినా ఊరుకునేవాళ్ళం కాదు."

అప్పుడు ట్రామువాళ్ళ చిట్కా చెప్పాను. కోత దగ్గర గాడి లోతు తగ్గిస్తారు. చక్రంలో పట్టా మీద ఆనే భాగం పైకి లేచి, చక్రం అంచు కొన గాడి అడుగు మీద నడుస్తుంది. అలా సందు దాటేదాకా అంచే బరువు మోస్తుంది, కాబట్టి చక్రం సందులో పడదు.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. లైను కట్ అయిందేమో అనుకున్నాను.

"అంచు మీద నడిపిస్తావా? చక్రం పట్టా మీద నడవాలిరా. మా రోజుల్లో అలా నడిపితే మెమో ఇచ్చేవాళ్ళు."

"ఇవి నిదానంగా పోయే బండ్లు మీ అబ్బాయివి, మెమో ఇవ్వకండి మరి."

"చేసి చూపించు. పండగ పూట వాదన వద్దు." పిన్నికి ఫోన్ ఇచ్చేశాడు.

ఏప్రిల్ 6

చేసి చూపించాను. నా చక్రాల అంచు లోతు 0.64 మిల్లీమీటరు. గాడి అడుగున ప్లాస్టిక్ పట్టీ పరుచుకుంటూ వచ్చాను, లోతు 0.6 మిగిలేట్టు. కోతకి రెండు సెంటీమీటర్ల ముందు నుంచి మెల్లగా ఎత్తు పెంచాలి, ఒక్కసారిగా పెంచితే అదే ఇంకో గెంతు. ఆకురాయికి సున్నితం చాలదు, గోళ్ళకి వాడే ఎమరీ పట్టీతో రాకాను. మా ఆవిడదే. చెప్పలేదు.

ఫలితం: గెంతులు పోయి, చప్పుడు మిగిలింది. ఈ పదహారు కోతలకీ నేను పెట్టిన సమయం మొత్తంలో ఉపయోగపడింది ఈ ఒక్క మధ్యాహ్నమే అనిపించింది.

ఏప్రిల్ 20

ఈస్టర్ సెలవుల్లో తాడు పని. అసలు తాడుని పట్టుకునే అసలు పట్టు ఈ సైజులో నాతో కాదు, చేపల గాలం దారంతో ప్రయత్నించి రెండు రోజులు వృథా చేసుకున్నాను. దారం సాగుతుంది, జారుతుంది, ముడి దగ్గర ఇరుక్కుంటుంది. చివరికి కిటికీ బ్లైండ్లకి వాడే పూసల గొలుసు తెచ్చాను. అది ఎటైనా వంగుతుంది, పూసలు పళ్ళ చక్రంలో చక్కగా కూర్చుంటాయి. గొలుసుకి అక్కడక్కడ మూడు మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతాలు అంటించాను. డమ్మీ కింద ఇంకో అయస్కాంతం. స్లాట్ కింద నాలుగు మిల్లీమీటర్ల లోతులో గొలుసు పోతుంటే, పైన డమ్మీ దానితోపాటే పోతుంది.

ఒకే గొలుసు ఒక స్లాట్ కింద వెళ్ళి, చివర చక్రం చుట్టి, రెండో స్లాట్ కింద తిరిగొస్తుంది. అసలు తాడూ అంతే. చివర్లో డమ్మీని చేత్తో తీసి అవతలి పట్టాల మీద పెడతాను. ముందుండేది ఎప్పుడూ డమ్మీయే కావాలి కాబట్టి అసలు టెర్మినస్‌లో కూడా ట్రెయిలర్ని విడదీసి ముందూ వెనకా మార్చుకునేవాళ్ళు. వాళ్ళకి మనుషులున్నారు, నాకు చెయ్యి ఉంది.

మొదటిసారి డమ్మీ, ట్రెయిలరు బర్క్ స్ట్రీట్ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళినప్పుడు ఇంట్లో అందర్నీ పిలిచాను. మోటారు కనపడదు, తీగ కనపడదు, చప్పుడు లేదు. 1885లో దీన్ని మొదటిసారి చూసినవాళ్ళకి ఎలా అనిపించిందో కాస్త తెలిసింది.

ఆ ఉత్సాహంలో స్వాన్‌స్టన్ మీద కరెంటు ట్రాముని కూడా వదిలాను. సెంటర్ మధ్యకి వచ్చింది. సరిగ్గా దాని కిందకి ఒక అయస్కాంతం వచ్చింది. అంతే, ట్రాముని అడ్డంగా లాగేసింది. ముందు చక్రాల సెట్టు పట్టా తప్పి బర్క్ స్ట్రీట్ వైపు తిరిగింది, వెనక నుంచి డమ్మీ వచ్చి దాని పొట్టలో గుద్దింది. ట్రాము అడుగున బరువు కోసం ఫ్యాక్టరీలో పెట్టిన ఇనప పలక ఉంది. నాకు తెలుసు. మర్చిపోయాను. డమ్మీ ముందు భాగంలో ఒక స్తంభం విరిగింది.

"నాన్నా, దీన్ని వీడియో తీసుంటే బావుండేది," అంది మా అమ్మాయి.

ఏప్రిల్ 27

పరిష్కారం నంబర్ ఒకటి: సెంటర్ దగ్గర గొలుసుని కిందికి దించేద్దాం. రెండు చిన్న ఇత్తడి చక్రాలతో గొలుసుని నొక్కి, పన్నెండు మిల్లీమీటర్ల లోతుకి పంపాను. ఇప్పుడు అయస్కాంతం ట్రాముని తాకలేదు. డమ్మీనీ తాకలేదు. సెంటర్ దగ్గర డమ్మీకి పట్టు తప్పుతుంది, ఊపు మీద దాటి అవతల మళ్ళీ పట్టు దొరకాలి.

చేస్తుంటే అర్థమైంది, ఇది 36 కోతల కాలం నాటి పద్ధతే అని. రెండు కేబుల్ లైన్లు దాటుకునే చోట ఒక తాడు పైన, ఒకటి కింద పోవాలి. పై తాడు బండికి ఇబ్బంది లేదు. కింది తాడు బండి మాత్రం సెంటర్ ముందు పట్టు వదిలి, ఊపు మీద దొర్లుకుంటూ దాటి, అవతల మళ్ళీ పట్టుకోవాలి. వదలకపోతే దాని పట్టు పై తాడుని తెంపేస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇప్పటికీ ఇదే. కాలిఫోర్నియా స్ట్రీట్ లైను 1878లో ముందొచ్చింది కాబట్టి పై తాడు దానిది, తర్వాతొచ్చిన పావెల్ లైను బండి పట్టు వదిలి దాటుతుంది. ముందొచ్చిన చెవులు, వెనకొచ్చిన కొమ్ములు అంటారే, అక్కడ చెవులదే పైచెయ్యి.

పడమటికి పోయేటప్పుడు నా డమ్మీ బాగానే దొర్లింది. తూర్పుకి పోయేటప్పుడు సరిగ్గా రెండు స్వాన్‌స్టన్ ట్రాకుల మధ్య ఆగిపోయింది. పది ప్రయత్నాల్లో ఏడు సార్లు. బల్లకి వాలు పెట్టింది నేనే: బర్క్ స్ట్రీట్ ఎలిజబెత్ స్ట్రీట్ దగ్గర పల్లం, ఒకప్పుడు అక్కడ వాగు పారేది, అటు నుంచి స్వాన్‌స్టన్ వైపు ఎగువ. అసలు వీధిలాగే ఉండాలని రెండు మిల్లీమీటర్ల ఎత్తు ఇచ్చాను. అసలు బండి టన్నుల బరువు, ఊపు ఉంటుంది. నాది ముప్పై గ్రాములు. చేపల గాలానికి కట్టే సీసం గుళ్ళు డమ్మీ బెంచీల కింద దాచాను. పదింట్లో నాలుగుసార్లు ఆగింది. అదీ గొప్పే కానీ, చూసేవాళ్ళు వచ్చిన రోజు ఆ నాలుగే వస్తాయి.

మే 11

రెండు వారాలు బల్ల వైపు వెళ్ళలేదు. ఆఫీసులో రిలీజ్ టెన్షన్.

ఇవాళ అంట్లు తోముతుంటే తట్టింది. నేను తప్పు బండిని మారుస్తున్నాను.

1926 తర్వాత బర్క్ స్ట్రీట్ డమ్మీ స్వాన్‌స్టన్ దగ్గర పట్టు వదలాల్సిన కారణమే లేదు, అడ్డొచ్చే రెండో తాడు పోయింది కదా! దాని తాడు అది పట్టుకుని, కొత్త పట్టాలో తన కోసం వదిలిన సందులోంచి దర్జాగా దాటొచ్చు. సందు ఇవ్వాల్సింది కొత్తగా వచ్చిన కరెంటు లైను. నేనేమో కొత్త బండి ఇనప పలకని కాపాడుతూ, పాత బండిని బలవంతంగా దొర్లిస్తున్నాను.

చేతులు తుడుచుకుని గ్యారేజీకి. ట్రాము విప్పి ఇనప పలక తీసేసి, అంతే బరువు సీసం పెట్టాను. సీసాన్ని అయస్కాంతం లాగదు. మోటారు పైనెక్కడో ఉంది, దానికి ఈ లాగుడు అందదు. నొక్కుడు చక్రాలు పీకేసి, గొలుసుని మళ్ళీ నాలుగు మిల్లీమీటర్లకి లేపాను. ఇరవైసార్లు దాటించాను, రెండు బండ్లూ, రెండు దిక్కులూ. ఇరవైకి ఇరవై.

అరగంట పని. మూడు వారాల పొరపాటు. అంట్లు సగంలోనే ఉన్నాయని లోపల నుంచి కేక వినపడింది.

మే 25

రోడ్డు. మెల్‌బోర్న్ ట్రాము వీధుల్లో అప్పట్లో గట్టి చెక్క దిమ్మెలు పరిచేవాళ్ళు, ఇటుకల్లా. కాఫీ కలిపే చెక్క పుల్లల్ని ముక్కలు కోసి పరుద్దామని మొదలుపెట్టి, నాలుగు చదరపు అంగుళాల తర్వాత బుద్ధొచ్చింది. మెత్తటి ఫోమ్ షీటు మీద బాల్‌పెన్‌తో గీతలు గీసి రంగు వేశాను. పట్టాల పక్కన కాస్త ముదురుగా, నూనె మరకలతో. స్వాన్‌స్టన్ పట్టాల చుట్టూ మాత్రం లేత బూడిద రంగు కాంక్రీటు. ఆ రెండు రంగుల తేడా చూస్తే చాలు, ఏ వీధి మారిందో, ఏది ఇంకా మారలేదో చెప్పెయ్యొచ్చు. పైతీగ 0.4 మిల్లీమీటర్ల కంచు తీగతో స్వాన్‌స్టన్ మీదే. అలంకారానికే, కరెంటు లేదు.

స్లాట్ గీస్తున్నప్పుడు తాత గుర్తొచ్చాడు. చదువుకోడానికి మద్రాసు వెళ్ళిన రోజుల్లో ట్రాము ఎక్కేవాడినని చెప్పేవాడు, 1953లో ఆపేసేదాకా. ఆయన చూసింది పైతీగ ట్రామే. కానీ 1895లో మద్రాసులో మొదలైనప్పుడు దానికి పైతీగ లేదు. కరెంటు రోడ్డు కింద కాలవలో ఉండేది, బండి స్లాట్‌లోంచి దాన్ని అందుకునేది. అచ్చం కేబుల్ ట్రాములాగే రోడ్డు మధ్యలో చీలిక, కాకపోతే తాడు బదులు కరెంటు. తర్వాత దాన్ని వదిలేసి పైతీగకి మారారు. మద్రాసు వానలు తెలిసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు. తాత కాళ్ళ కింద కూడా ఒకప్పుడు ఇలాంటి స్లాటే ఉండేదని ఆయనకి చెప్పలేకపోయాను.

జూన్ 7

కారు ఇంకా బయటే ఉంది. వాన.

పని దాదాపు అయింది. మూలనున్న రెండు భవనాలకి కిటికీలు, డమ్మీకి విరిగిన స్తంభం మిగిలాయి. మధ్యాహ్నం బాబాయికి వీడియో కాల్ చేసి, ఫోన్‌ని పట్టాల పక్కనే ఆనించాను. డమ్మీని మా అమ్మాయి నడిపింది, ట్రాము నేను.

ట్రాము దాటింది. బాబాయి మొహం స్క్రీన్‌కి దగ్గరగా వచ్చి, చెవి మాత్రమే కనపడింది.

"ఆపు. ఇంకోసారి పోనివ్వు. మెల్లగా."

పోనిచ్చాను.

"టక్, టిక్, టక్. మళ్ళీ టక్, టిక్, టక్. టక్కులు పట్టాలవి. మధ్యలో ఆ చిన్న టిక్కు ఏంట్రా?"

"అది తాడు స్లాట్ బాబాయ్."

"ఊఁ," అన్నాడు. "మరి తాడు తీసేశాక ఆ టిక్కు పోతుందిగా."

"1940 తర్వాత పోతుంది."

"అయితే ఇంకోసారి పోనివ్వు."